కొత్త ఉప్పునీటి తొట్టిని సిద్ధం చేయడానికి బతికున్న చేపను వేయవచ్చా?

లబ్బీపేట, విజయవాడ

మా ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెడుతున్నాము. తొట్టి, దాని కింద సంప్ (వడపోత పరికరాలు ఉంచే చిన్న తొట్టి), ప్రొటీన్ స్కిమ్మర్ (నురుగుతో వ్యర్థాలను తీసే పరికరం), ఎండు రాయి, ఇసుక అన్నీ అమర్చి, ఆర్‌ఓ నీటిలో సముద్రపు ఉప్పు పొడి కలిపి సాపేక్ష సాంద్రతను 1.025కు తెచ్చాము. చేపలు అమ్మేవారు రెండు నీలి డామ్సెల్ చేపలను వెంటనే వేయమన్నారు. అవి బతికితే తొట్టి సిద్ధమైనట్టేనని, చనిపోతే మరో రెండు తీసుకువెళ్లవచ్చని చెప్పారు. ఆ రెండో మాట మా అమ్మాయికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. చివరికి మాకు కావలసింది ఒక జత క్లౌన్ చేపలు, ఆ తర్వాత ఒక క్లీనర్ రొయ్య మాత్రమే. చేప లేకుండా తొట్టిని సైక్లింగ్ చేయడం, అంటే విషమైన అమ్మోనియాను ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మార్చే నైట్రిఫైయింగ్ బాక్టీరియాను పెంచడం, ఇంట్లో సాధ్యమేనా? ఈ మే నెల ఎండల్లో నెల రోజులపాటు ఖాళీ నీటిని తిప్పుతూ కూర్చోవడం వల్ల నిజంగా లాభముందా?

పటమట, విజయవాడ

చేపను వేసి మొదలుపెట్టడాన్ని నేరంలా చూడనక్కరలేదని నా అభిప్రాయం. 200 లీటర్ల నీటిలో ఒక చిన్న చేప విడిచే అమ్మోనియా రోజుకు చాలా తక్కువ. సీసాలో దొరికే నైట్రిఫైయింగ్ బాక్టీరియాను అదే రోజు కలిపి, మేత తగ్గించి, రోజూ పరీక్షించి, అంకె పెరిగినప్పుడు కొంత నీరు మార్చితే చేపకు ఇబ్బంది కలగకుండానే బాక్టీరియా స్థిరపడుతుంది. చేప లేని పద్ధతిలో అమ్మోనియాను మనమే కొలిచి పోయాలి. కొలత తప్పితే పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లన్న అంకె) ఎక్కడికో పోయి, వారాల తరబడి నైట్రైట్ దిగక, విసుగెత్తి తొట్టిని అమ్ముకున్నవారు ఉన్నారు. పైగా ఇంట్లో పిల్లలు ఖాళీ తొట్టిని ఎంతకాలం చూస్తారు? చనిపోతే మరొకటి తెచ్చుకోమనడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ మాట తప్పు కాబట్టి పద్ధతే తప్పని చెప్పడం సరికాదు.

అరండల్‌పేట, గుంటూరు

పటమట మిత్రులు చెప్పినట్టు ఒక చిన్న చేప, సరిపడినంత నీరు, నమ్మదగిన బాక్టీరియా, రోజువారీ పరీక్ష అన్నీ కుదిరితే ఆ చేప బతకడానికే ఎక్కువ అవకాశముంది. అయినా మన రెండు ఊళ్లలో కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ సలహా ఇవ్వకూడదని నేను గట్టిగా అనుకుంటున్నాను. మన వేడి ఖాళీ తొట్టికి మేలు చేస్తుంది, చేప ఉన్న తొట్టికి కీడు చేస్తుంది. లబ్బీపేట వారు తొట్టిని మొదలుపెడుతున్న నెల దృష్ట్యా ఈ ఒక్క విషయమే నిర్ణయానికి చాలు.

నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అంతగా హాని చేయని అమ్మోనియం అయాను ఒకటి, మొప్పల గుండా నేరుగా రక్తంలోకి చేరే స్వేచ్ఛా అమ్మోనియా మరొకటి. పీహెచ్ 7 దగ్గర ఉండే మంచినీటి తొట్టిలో ఈ విషరూపం మొత్తంలో 1 శాతం కూడా ఉండదు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి 25 డిగ్రీల వద్ద అది దాదాపు 7 శాతానికి, 30 డిగ్రీల వద్ద దాదాపు 10 శాతానికి చేరుతుంది. గోల్డ్ ఫిష్ తొట్టిలో ఫరవాలేదనిపించే అంకె ఇక్కడ పదింతలకు పైగా విషమన్న మాట. ప్రాణవాయువు సంగతి కూడా చూడండి. సముద్రపు నీరు 25 డిగ్రీల వద్దనే లీటరుకు 7 మిల్లీగ్రాముల లోపు ఆక్సిజన్‌ను పట్టుకోగలదు, 30 డిగ్రీల వద్ద అది 6 మిల్లీగ్రాముల చిల్లరకు తగ్గుతుంది. అందులోనూ బాక్టీరియా తన వాటా తీసుకుంటుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి 4 గ్రాములకు పైగా ఆక్సిజన్ ఖర్చవుతుంది. మే మధ్యాహ్నం కరెంటు పోయి పంపు ఆగితే ఇబ్బందంతా ముందుగా మొప్పలకే. చేప లేకపోతే మాత్రం ఆ వేడే మనకు పనికొస్తుంది, ఎందుకంటే ఈ బాక్టీరియా 28 నుంచి 30 డిగ్రీల మధ్య చురుకుగా పెరుగుతుంది. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) కొనక ముందే, ఫ్యాను గాలితోనే, ఖాళీ తొట్టిని వేసవిలో సిద్ధం చేసుకోవచ్చు.

రోగాల విషయం నాకు ఇంతకంటే పెద్దదిగా కనిపిస్తుంది. తెల్లమచ్చల జబ్బు కలిగించే క్రిప్టోకారియాన్, అంతకంటే వేగంగా చంపే అమైలూడినియం అనే పరాన్నజీవులు సముద్రం నుంచి పట్టి తెచ్చిన డామ్సెల్‌తోపాటు ఇసుకలోకీ, రాళ్లలోకీ చేరతాయి. ఆ తర్వాత రాగి మందు వేద్దామంటే రొయ్యలూ నత్తలూ బతకవు. తొట్టిని వారాల తరబడి చేప లేకుండా ఉంచడమే అప్పుడు మిగిలే దారి. ఎలాగూ చేప లేకుండా ఉంచవలసి వచ్చేటట్టయితే ఆ పని మొదట్లోనే ఎందుకు చేయకూడదు? డామ్సెల్ స్వభావం మరో చిక్కు. ముందు వచ్చి రాళ్లన్నీ తనవే అనుకున్న డామ్సెల్, తర్వాత వచ్చే క్లౌన్ చేపను తరిమి తరిమి కొడుతుంది. దాన్ని బయటికి తీయాలంటే రాళ్లన్నీ విప్పాలి.

చివరిగా, ఒక చిన్న చేప విడిచే అమ్మోనియాకు సరిపడినంత బాక్టీరియానే పెరుగుతుంది, మీరు జత చేపలు వేసిన రోజున అది చాలదు. అందుకే కొలత పద్ధతి మంచిది. శుద్ధమైన అమ్మోనియం క్లోరైడ్ 1.25 గ్రాములను 200 లీటర్లలో కరిగిస్తే అమ్మోనియా సుమారు 2 పీపీఎం అవుతుంది. పటమట వారు భయపడిన కొలత తప్పు రాకుండా ఉండాలంటే నగల త్రాసు లాంటి చిన్న డిజిటల్ త్రాసు చాలు. రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు పోను అసలు నీరెంతో లెక్కవేసి మోతాదు తగ్గించుకోవాలి. మొదట అమ్మోనియా దిగుతుంది, తర్వాత నైట్రైట్ ఎక్కి చాలాకాలం కదలదు. అక్కడే అందరూ కంగారుపడతారు. ఉప్పునీటిలో క్లోరైడ్ అయాన్లు మొప్పల వద్ద నైట్రైటును అడ్డుకుంటాయి కాబట్టి అది మంచినీటిలో ఉన్నంత ప్రమాదకరం కాదు. కానీ నైట్రైట్ ఎక్కువగా ఉన్నంతవరకు నైట్రేట్ పరీక్ష తప్పుడు అంకె చూపుతుంది, కనుక అప్పుడు దాన్ని నమ్మవద్దు. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధమైనట్టు. ఈ కాలమంతా లైటు వెలిగించవద్దు, వెలిగిస్తే నాచుకు తప్ప ఎవరికీ ఉపయోగం లేదు.

సీసా బాక్టీరియాను నేనూ వాడమనే చెబుతాను. అయితే 1998లో టిమొతీ హొవానెక్ బృందం మంచినీటి అక్వేరియంలలో నైట్రైటును మార్చేది అందరూ అనుకున్న నైట్రోబాక్టర్ కాదని, నైట్రోస్పైరా జాతి బాక్టీరియా అని చూపింది. ఏ సీసాలో ఏముందో చూసి కొనడం అవసరం. ఎండలో తిరిగిన కొరియర్ పెట్టెలో వచ్చిన సీసా సంగతి చెప్పనక్కరలేదు. అది పనిచేస్తోందా లేదా అన్నది ఖాళీ తొట్టిలో అమ్మోనియా అంకె చెబుతుంది, చేప ఉన్న తొట్టిలో చేపే చెప్పవలసి వస్తుంది.

బాపట్ల

నేను రొయ్యపిల్లల హేచరీ పనిలో ఉన్నాను. ఈ చర్చలో ఇంకా రాకపోయినా, ఎవరో ఒకరు తప్పక చెప్పే మూడు సలహాల గురించి ముందే రాస్తున్నాను.

సూర్యలంక నుంచి సముద్రపు నీరు క్యాన్లలో తెచ్చుకుంటే బాక్టీరియా ఉచితంగా వస్తుందని కొందరంటారు. నైట్రిఫై చేసే బాక్టీరియా ఎక్కువగా రాళ్లూ ఇసుకా వంటి ఉపరితలాలకు అంటుకుని బతుకుతుంది. విడి నీటిలో వచ్చేది కొద్దిగానే. దాంతోపాటు వచ్చే ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) చీకట్లో చనిపోయి కుళ్లి అమ్మోనియా పెంచుతాయి. మన తీరంలో ఉప్పు శాతం కూడా నిలకడగా ఉండదు. కృష్ణ, గోదావరి వరదలు వచ్చే నెలల్లో వెయ్యికి 35 పాళ్లకు చాలా కిందికి పడిపోతుంది. హేచరీలలో మేము పచ్చి సముద్రపు నీటిని ఎన్నడూ నేరుగా వాడము. తేర్చి, ఇసుక వడపోత పట్టి, క్లోరిన్ వేసి, ఆ క్లోరిన్‌ను పోగొట్టిన తర్వాతే ట్యాంకుల్లోకి వదులుతాము.

రొయ్యల చెరువుకు వేసే ప్రోబయోటిక్ పొడి వేయమనేవారూ ఉంటారు. వాటిలో ఎక్కువ భాగం బాసిల్లస్ జాతివి. చెరువు అడుగున మిగిలిన మేతనూ, వ్యర్థాలనూ తినడానికి అవి పనికివస్తాయి. అమ్మోనియాను నైట్రైటుగా మార్చడం వాటి పని కాదు.

మూడోది, మార్కెట్‌లో కొన్న పచ్చి రొయ్యను తొట్టిలో వేసి కుళ్లనివ్వడం. అమ్మోనియా వస్తుంది, నిజమే. కానీ చెరువు రొయ్యలో తెల్లమచ్చల వైరస్ ఉండవచ్చు (పైన చెప్పిన చేపల తెల్లమచ్చల జబ్బు వేరు). అది చేపలకు సోకదు గాని, చాలా రొయ్య జాతులకు సోకుతుంది, చెరువు రొయ్యలకైతే ప్రాణాంతకం. లబ్బీపేట వారు తర్వాత క్లీనర్ రొయ్యను తెచ్చుకుంటామన్నారు కాబట్టి ఈ పని అసలు చేయకూడదు.

మరొక్క మాట. మన్నార్ సింధుశాఖ రాళ్లని చెప్పి ఎవరైనా లైవ్ రాక్ (సముద్రం నుంచి తీసిన, జీవులు అంటుకుని ఉన్న పగడపు రాయి) అమ్మజూపితే తీసుకోవద్దు. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఎండు రాయితో సైక్లింగ్‌కు కొన్ని వారాలు ఎక్కువ పట్టినా అదే సరైన దారి.

పటమట, విజయవాడ

డామ్సెల్ విషయంలోనూ, పరాన్నజీవుల విషయంలోనూ అరండల్‌పేట వారి వాదన బలంగా ఉంది, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ హేచరీలో పుట్టి పెరిగిన ఒక క్లౌన్ చేపను విడిగా క్వారంటైన్‌లో ఉంచి, తర్వాత సీసా బాక్టీరియాతోపాటు తొట్టిలో వేస్తే ఇవేవీ వర్తించవు. అది ఎలాగూ ఆ ఇంట్లోనే ఉండవలసిన చేప. డిసెంబరులో మొదలుపెట్టేవారికి నేను ఈ పద్ధతినే చెబుతాను.

అరండల్‌పేట, గుంటూరు

డిసెంబరులో, పరీక్షలు చేయడం వచ్చినవారికైతే నేను అడ్డు చెప్పను. అయితే ఆ క్వారంటైన్ తొట్టికి కూడా పనిచేసే ఫిల్టర్ కావాలి కదా. ఆ ఫిల్టర్‌ను చేప లేకుండానే సిద్ధం చేయవలసి ఉంటుంది. ఒక స్పాంజ్ ఫిల్టర్‌ను సంప్‌లో వేసి ఉంచితే పెద్ద తొట్టితోపాటు అదీ సిద్ధమవుతుంది.

లబ్బీపేట, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. డామ్సెల్ చేపలు తీసుకోవడం లేదు. అమ్మోనియం క్లోరైడ్, డిజిటల్ త్రాసు, స్పాంజ్ ఫిల్టర్ తెప్పిస్తున్నాము. మా అమ్మాయి రోజువారీ అంకెలు రాయడానికి ఒక పుస్తకం పెట్టింది. రెండు సందేహాలు మిగిలాయి. తొట్టి జూన్ చివరికి సిద్ధమై, క్లౌన్ చేపలు ఆగస్టు దాకా దొరకకపోతే బాక్టీరియా చనిపోతుందా? ఇంట్లో తాగడానికి వాడే ఆర్‌ఓ మిషన్ నీరు తొట్టికి సరిపోతుందా?

అరండల్‌పేట, గుంటూరు

బాక్టీరియా అంత త్వరగా చనిపోదు. మూడు నాలుగు రోజులకొకసారి అర పీపీఎం అమ్మోనియా వేస్తూ ఉండండి. చేపలు వచ్చే రెండు రోజుల ముందు 2 పీపీఎం వేసి మళ్లీ పరీక్షించి, అది 24 గంటల్లో సున్నా అయితే నీటిలో సగానికి పైగా మార్చి నైట్రేటును దింపండి. ఈలోగా ఆవిరైపోయే నీటికి బదులుగా ఉప్పునీరు పోయవద్దు. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు కాబట్టి ఉప్పు కలపని నీటితోనే గీత వరకు నింపాలి. ఫ్యాను పెట్టిన తొట్టిలో వేసవి రోజున తగ్గే నీరు మీరు ఊహించినదానికంటే ఎక్కువగా ఉంటుంది.

తాగే ఆర్‌ఓ మిషన్లలో చాలావాటికి రుచి కోసం కొంత నీటిని వడపోత పొర గుండా పోనివ్వకుండా నేరుగా కలిపే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) నాబ్ ఉంటుంది. దాన్ని పూర్తిగా మూయించి, ఖనిజాలు కలిపే కార్ట్రిడ్జ్ ఉంటే తీయించి, చివర ఒక డీఅయొనైజేషన్ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టుకునే పూసలు) గొట్టం తగిలించండి. టీడీఎస్ మీటరు సున్నా చూపినంతకాలం ఆ నీరు వాడవచ్చు. అంకె పెరగడం మొదలైతే రెజిన్ మార్చాలి. లేకపోతే నీటిలోని సిలికేటు వల్ల ఇసుక మీద గోధుమరంగు డయాటమ్ (ఒక రకం సూక్ష్మ నాచు) పొర పరుచుకుంటూనే ఉంటుంది.