తుఫాను హెచ్చరికలు లైవ్‌గా చూపాలంటే కంపెనీ ఏపీఐనా, ఓపెన్ స్టాండర్డా?

బందరు_కుర్రాడు
మా చుట్టుపక్కల ఊళ్ల కోసం చిన్న సైట్ కడుతున్నాను. తుఫాను, పిడుగు, వరద హెచ్చరిక రాగానే, అది మా మండలానిదైతే, ఫోన్ మోగాలి. అధికారులు ఎక్స్‌లో (పాత ట్విట్టర్) పెట్టే పోస్టులు దాని ఏపీఐతో, అంటే బయటి ప్రోగ్రాములకు కంపెనీ ఇచ్చే దారితో, లాగేద్దాం అనుకున్నా. మా ఫ్రెండేమో ఓపెన్ స్టాండర్డ్ (ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని, అందరూ వాడుకోగల పద్ధతి) ఉన్నదే పట్టుకోమంటున్నాడు. రెండూ వాడినవాళ్లు చెప్పండి. నెలనెలా డబ్బు కట్టే స్తోమత లేదు.

ఓరుగల్లు_కోడర్
ఎక్స్ జోలికి పోకు తమ్ముడూ. ట్విట్టర్‌లో ఒకప్పుడు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (కొత్త పోస్టుల జాబితాగా ప్రోగ్రాములు చదువుకునే ఫైలు) ఉండేది, 2013లో పాత ఏపీఐతో పాటే పోయింది. 2018 ఆగస్టులో యూజర్ స్ట్రీమ్స్ ఆపేశారు. ట్వీట్ పడగానే చూపించే బయటి యాప్‌లన్నీ మళ్లీ రిఫ్రెష్ కొట్టుకునే స్థితికొచ్చాయి. 2023 ఫిబ్రవరిలో ఉచిత ఏపీఐ తీసేస్తున్నామని వారం ముందు చెప్పారు. ఆ తర్వాత వచ్చిన బేసిక్ ప్లాన్ అప్పట్లో నెలకు 100 డాలర్లు. అమెరికాలో వాతావరణ శాఖే ఆటోమేటిక్ పోస్టులకు పరిమితి వచ్చిందని చెప్పుకోవాల్సి వచ్చింది. న్యూయార్క్ రవాణా సంస్థ ఎంటీఏ రైళ్ల అలర్ట్‌లు అక్కడ పెట్టడమే మానేసింది. గోల అయ్యాక మే నెలలో ప్రభుత్వ ఖాతాలకు మళ్లీ ఉచితం అన్నారు. వాళ్లకే ఆ గతి పడితే నీ సైట్ ఎంత?

సముద్రపు_గాలి
మీ పనికి స్టాండర్డ్ సిద్ధంగా ఉంది. పేరు కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్, అందరూ క్యాప్ అంటారు. ఒయాసిస్ అనే స్టాండర్డ్‌ల సంస్థ ఇచ్చిన 1.2 వెర్షన్ 2010ది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ (ఎన్‌డీఎంఏ) కోసం కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ కట్టిన హెచ్చరికల వ్యవస్థ 'సచేత్' నడిచేది దీనిమీదే. అందులో ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ ఉంది.

క్యాప్ ఫైలు ఒకటి తెరిచి చూడండి, మీకే తెలుస్తుంది. ఎంత త్వరగా, ఎంత తీవ్రం, ఎంత ఖాయం అనేవి మూడు వేర్వేరు గడులు. హెచ్చరిక ఎప్పటిదాకా చెల్లుతుందో రాయడానికి ఇంకోటి. ఇది కొత్తదా, పాతదానికి సవరణా, రద్దా అన్నది మరొకటి. 'అక్కడక్కడా భారీ వర్షాలు పడే అవకాశం' అనే ట్వీట్‌లోంచి ఇవన్నీ పీకాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఒక చోట జాగ్రత్త. ప్రాంతాన్ని పాలిగాన్‌గా, అంటే సరిహద్దు చుట్టూ బిందువుల వరుసగా, ఇచ్చినప్పుడు క్యాప్‌లో ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం. వెబ్ మ్యాప్‌లకు వాడే జియోజేసన్ ఫైళ్లలో ఇది తిరగబడుతుంది. చూసుకోకుండా మ్యాప్ మీద వేస్తే మీ బందరు నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల ఎగువన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది :)

నిదానం_బాబాయ్
స్టాండర్డ్ అనగానే సంబరపడిపోకండి. గూగుల్ టాక్ 2005లో ఎక్స్‌ఎంపీపీ అనే చాట్ ఓపెన్ స్టాండర్డ్ మీద వచ్చింది. 2013లో హ్యాంగౌట్స్ తెచ్చి గూగుల్ మెల్లగా తప్పుకుంది. ఫేస్‌బుక్ చాట్ కూడా 2010లో ఎక్స్‌ఎంపీపీకి తలుపు తీసి, కొన్నేళ్లకు మూసేసింది. స్టాండర్డ్ రాత చెక్కుచెదరలేదు, అవతల పలికేవాడే లేడు.

పైగా క్యాప్ అనేది ఫైలు ఎలా ఉండాలో చెబుతుందే గానీ, నీ చేతికి ఎంతసేపట్లో అందాలో చెప్పదు. నువ్వే పోయి ఫీడ్ చూసుకోవాలి. పిడుగు హెచ్చరిక అరగంట ఆలస్యమైతే ఇంకెందుకు?

ఓరుగల్లు_కోడర్
బాబాయ్ చెప్పింది నిజమే. అందుకే వెబ్‌సబ్ వచ్చింది. 2009లో పబ్‌సబ్‌హబ్బబ్ పేరుతో మొదలై, 2018 జనవరిలో వెబ్ స్టాండర్డ్‌ల సంస్థ డబ్ల్యూ3సీ సిఫార్సు అయింది. ఫీడ్‌లో కొత్తది పడగానే హబ్ అనే మధ్యవర్తి సర్వర్ దాన్ని మన సర్వర్‌కు తోస్తుంది. యూట్యూబ్ ఛానల్ అప్‌డేట్‌లు అలాగే తీసుకుంటాను, పైసా ఖర్చు లేదు. తిరకాసులూ ఉన్నాయి. సబ్‌స్క్రిప్షన్‌కు గడువుంటుంది, మళ్లీ మళ్లీ పొడిగించుకోవాలి. పాత వీడియో టైటిల్ మార్చినా కబురు వచ్చేస్తుంది, ప్రచురించిన తేదీ చూసి వడకట్టాలి.

నువ్వు వాడే ఫీడ్‌లో హబ్ లింకు ఉంటే అదృష్టం. లేకపోతే నిమిషానికోసారి పోలింగే, అంటే మనమే పోయి కొత్తదుందా అని అడగడం. ఈట్యాగ్ (పోయినసారి అందిన ఫైలు గుర్తు) పంపు, సర్వర్ దాన్ని పట్టించుకునేదైతే ఏమీ మారనప్పుడు 304 అనే చిన్న జవాబుతో సరిపెడుతుంది, వాళ్ల మీద భారం పడదు.

బందరు_కుర్రాడు
అర్థమైంది అన్నా. మరి నా సర్వర్ నుంచి ఫోన్‌కు? వెబ్‌సాకెట్ (రెండువైపులా కబుర్లు నడిచే కనెక్షన్) పెట్టనా?

సముద్రపు_గాలి
ఒకవైపే పంపేదానికి వెబ్‌సాకెట్ ఎందుకండీ. పేజీ తెరిచి ఉన్నవాళ్లకు సర్వర్ సెంట్ ఈవెంట్స్ (సర్వర్ నుంచి పేజీకి ఒకవైపే కబుర్లు తోసే పద్ధతి) చాలు. మామూలు హెచ్‌టీటీపీయే, సిగ్నల్ పోతే బ్రౌజరే మళ్లీ కనెక్ట్ అయి, చివరిగా అందిన ఐడీ పంపి అక్కణ్నుంచి అడుగుతుంది. ఆ తర్వాతివి తీసివ్వడం మాత్రం మీ సర్వర్ పని. గాలివానలో నెట్ వస్తూ పోతూ ఉండే ఊళ్లకు అదే కావాలి.

స్క్రీన్ ఆపేసి ఉన్నా మోగాలంటే వెబ్ పుష్, అంటే బ్రౌజర్ ద్వారా నోటిఫికేషన్ పంపే పద్ధతి. అదీ ఓపెన్ స్టాండర్డే. ఐఫోన్‌లో అయితే ఐఓఎస్ 16.4 నుంచి, అదీ సైట్‌ను హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్నవాళ్లకే.

నిదానం_బాబాయ్
ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఆ పుష్ పోయేది గూగుల్ సర్వర్ మీదుగానే కదా!

సముద్రపు_గాలి
అవునండీ, కాదనను. ఫైర్‌ఫాక్స్‌కైతే మొజిల్లా సర్వర్. కానీ మీరు రాసే కోడ్ రెండింటికీ ఒకటే, చిరునామాయే వేరు. రేపు ఎవరో ఒకరు నిబంధన మారిస్తే మీ సైట్ మొత్తం తిరగరాయక్కర్లేదు. నేను స్టాండర్డ్ వైపు ఉన్నది అందుకే, అది శాశ్వతం అని కాదు.

నిదానం_బాబాయ్
ఈ మాట ఒప్పుకుంటా. ఒక్కటి మరవకు అబ్బాయ్, సవరణ వచ్చినప్పుడు కొత్త నోటిఫికేషన్ వెయ్యకు, అదే ట్యాగ్‌తో (నోటిఫికేషన్‌కు మనం పెట్టే గుర్తు) పాతదాన్ని మార్చు. లేకపోతే ఒకే తుఫానుకు పదిసార్లు మోగి, జనం నోటిఫికేషన్లే ఆపేస్తారు.

బందరు_కుర్రాడు
సరే బాబాయ్. ఎక్స్ వదిలేశా, ముందు పాలిగాన్ సంగతి చూస్తా. కృష్ణా జిల్లా మండలాల సరిహద్దులు జియోజేసన్‌లో ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడే పెట్టండి.