‘డార్క్’ లాంటి సిరీస్ ఇంకేదైనా ఉంటే చెప్పండి

2020 లాక్‌డౌన్‌లో నాకు ధైర్యంగా నిలిచింది టైమ్ ట్రావెల్ కథతో వచ్చిన జర్మన్ సిరీస్ ‘డార్క్’. మూడు సీజన్లు, 26 ఎపిసోడ్లు. ఎవరు ఎవరి కొడుకో, ఎవరు ఎవరి తల్లో అర్థంకాక నోట్‌బుక్‌లో వంశవృక్షం గీసుకుంటూ చూశాను. కొట్టివేతలతో నిండిన ఆ పేజీని ఇప్పటికీ దాచుకున్నాను. జూన్ 27న చివరి సీజన్ వచ్చిన రాత్రి నిద్రే పోలేదు.

అస్సలు నచ్చనిది పులులను పెంచేవాళ్ల మీద తీసిన అమెరికన్ డాక్యుమెంటరీ సిరీస్ ‘టైగర్ కింగ్’. అందరూ దాని గురించే మాట్లాడుతుంటే మొదలుపెట్టాను. బోనుల్లో ఆ పులులను చూస్తే కడుపు తరుక్కుపోయింది.

ఇప్పుడు మళ్లీ అలా మునిగిపోయే సిరీస్ కావాలి. కథ పూర్తయినదై ఉండాలి, మధ్యలో ఆపేసినవి వద్దు. అమ్మతో కలిసి చూస్తాను కాబట్టి హింస తక్కువుంటే మంచిది. ‘ద క్వీన్స్ గ్యాంబిట్’ ఇద్దరం చూసేశాం. లాక్‌డౌన్ రోజుల్లో మీకు బాగా నచ్చిందేది? ఏది చూసి టైమ్ వేస్ట్ అనిపించింది? రెండూ చెప్పండి, ప్లీజ్.