ఎండాకాలం స్కూటర్ టైర్లలో గాలి తగ్గించాలా? స్టిక్కర్ మాట వినాలా, పంచర్ షాపు మాట వినాలా?

కల్లూరు కుర్రాడు:
మాది కర్నూలు, కల్లూరు వైపు. 110 సీసీ స్కూటర్, ట్యూబ్‌లెస్ టైర్లు. సీటు కింద స్టిక్కర్లో గాలి ముందు 22, వెనక 29, వెనక మనిషి కూర్చుంటే 36 పీఎస్ఐ (మనం పాయింట్లు అనేది) అని ఉంది. మొన్న పొద్దున్నే ఇంటి దగ్గర వెనక 29 పెట్టుకున్నా. నిన్న మధ్యాహ్నం రెండింటికి రాజ్‌విహార్ దగ్గర ఒక పంచర్ షాపులో చూపిస్తే 33 ఉంది. "ఈ ఎండకు పేలిపోతుంది నాయనా" అని ఆ పెద్దాయన బుస్సుమని గాలి వదిలి 29కి తెచ్చాడు. స్టిక్కర్‌లో ఉన్నదీ అదే కదా అని ఊరుకున్నా. ఈ పొద్దున చూస్తే 25! రాత్రికి రాత్రి నాలుగు పాయింట్లు ఎటు పోయాయి? మా నాన్న కూడా ఎండాకాలం రెండు పాయింట్లు తక్కువే ఉండాలంటాడు.

బుధవారపేట బండి:
మీ నాన్న చెప్పింది విను తమ్ముడూ. పదిహేనేళ్లుగా ఏప్రిల్ వస్తే చాలు, నేను వెనక 25, ముందు 18 పెట్టిస్తా. ఒక్క టైరు పేలలేదు. ఆ స్టిక్కర్ రాసినవాడు మే నెలలో కర్నూలు వచ్చి చూశాడా? మధ్యాహ్నం సీటు మీద తుండుగుడ్డ వేసుకోనిదే కూర్చోలేం. పైగా గాలి తక్కువుంటే స్పీడ్ బ్రేకర్ల మీద నడుముకు సుఖం.

అనంతపురం మాస్టారు:
పంచరూ కాదు, గేజీ తప్పూ కాదు. నేను ఫిజిక్స్ చెబుతాను కాబట్టి లెక్క వేయకుండా ఉండలేను, ఓపిక పట్టండి.

గేజీ చూపేది బయటి గాలి ఒత్తిడి కన్నా లోపల ఎంత ఎక్కువుందో అంతే. బయటిది సుమారు 14.7. అంటే 29 చూపించినప్పుడు లోపల అసలున్నది 43.7. టైరులో మూసి ఉన్న గాలి ఒత్తిడి కెల్విన్ లెక్కలో వేడి ఎంత పెరిగితే అదే నిష్పత్తిలో పెరుగుతుంది. పొద్దున టైరు 28 డిగ్రీలుంటే, దానికి 273 కలిపితే 301 కెల్విన్. ఎండలో నిలబడి, కాలే తారు మీద పరుగెత్తి 55 డిగ్రీలకు వస్తే 328 కెల్విన్. 43.7ని 328తో గుణించి 301తో భాగిస్తే 47.6. అందులోంచి 14.7 తీసేయండి, 33 వస్తుంది. పెద్దాయన గేజీలో కనబడింది అదే. ఆయన నాలుగు తీసేశాడు, టైరు చల్లబడింది, 25కి దిగింది. ఎటూ పోలేదు, రాజ్‌విహార్‌లోనే వదిలి వచ్చారు.

స్టిక్కర్‌లోని 29 చల్లటి టైరుకు. వేడికి పెరిగే మూడు నాలుగు పాయింట్లు ఆ లెక్కలో ముందే కలిసి ఉంటాయి. పొద్దున బండి తీయకముందే చూసుకోవాలి, మధ్యాహ్నం అంకె చూసి గాలి వదలకూడదు.

ఇంకొకటి. గాలి తక్కువైతే చక్రం తిరిగే ప్రతి చుట్టుకూ టైరు పక్క గోడ ఎక్కువగా నలుగుతుంది. కట్టుతీగను అటూ ఇటూ పదిసార్లు వంచి, వంచిన చోట వేలు పెట్టి చూడండి, చుర్రుమంటుంది. టైరులోనూ అంతే. వేడికి భయపడి గాలి తీస్తే టైరు ఇంకా వేడెక్కుతుంది.

బుధవారపేట బండి:
లెక్క బాగుంది మాస్టారూ. మరి పదిహేనేళ్లు నా టైరు పేలకపోవడానికి ఏ సూత్రం?

అనంతపురం మాస్టారు:
మీరు ఊళ్ళో నలభైలో పోతారనుకుంటా. నెమ్మదిగా, తక్కువ దూరం పోతే టైరు ఓర్చుకుంటుంది. పేలలేదు సరే, అరిగిందెక్కడ? మధ్యలోనా, అంచుల్లోనా?

బుధవారపేట బండి:
అంచుల్లో. అది మన రోడ్ల వల్ల.

ఘాట్ రోడ్ కడప:
రోడ్ల వల్ల కాదన్నా, గాలి తక్కువైతే అంచులే అరుగుతాయి. నేనూ ముందు టైరులో 15తో గువ్వలచెరువు ఘాట్ దిగా, తెలియక. మలుపులో హ్యాండిల్ తిప్పితే బండి ఒక లిప్త ఆలస్యంగా తిరుగుతోంది. ఎదురుగా లారీ. ఇంటికొచ్చి చూశాక తెలిసింది 15 అని. కడుపులో ఇప్పటికీ తిప్పుతుంది.

బళ్ళారి చౌరస్తా:
మాది పంచర్ షాపు, నాన్న నుంచి నాకొచ్చింది. పెద్దాయనను మరీ తీసిపారేయకండి. ఆ మాట ట్యూబుల కాలంది. ఒక్కో ట్యూబుకు ఐదారు ప్యాచీలు ఉండేవి. మే నెల వేడికి సొల్యూషన్ మెత్తబడి ప్యాచీ అంచు లేచేది, గాలి నిండుగా ఉంటే అక్కడే వదిలేసేది. బండి మా షాపు ముందుకే వచ్చేది, అందుకే మా నాన్న కూడా రెండు పాయింట్లు తగ్గించేవాడు. ట్యూబ్‌లెస్ వచ్చాక ఆ బాధ పోయింది, మాట మిగిలింది.

కానీ మాస్టారు చెప్పినట్టు పొద్దున్నే చూసుకునేవాళ్లెంతమంది? మా దగ్గరికి అందరూ ఎండలోనే వస్తారు. వేడి టైరులో కూడా స్టిక్కర్ అంకె లేదంటే అది కచ్చితంగా తక్కువే. నేను రెండు మూడు పాయింట్లు ఎక్కువే కొట్టి, "రేపు పొద్దున చూసుకో" అని పంపిస్తా. కంప్రెసర్ గేజీలను కూడా గుడ్డిగా నమ్మకండి. రోజుకు పదిసార్లు కిందపడే వస్తువది. మా షాపులోనే రెండున్నాయి, రెండింటికీ రెండు పాయింట్ల తేడా. సొంత గేజీ ఒకటి కొనుక్కొని, అది తప్పైనా సరే, ఎప్పుడూ దానితోనే చూడండి. ఎంత తగ్గిందో అదైనా సరిగ్గా తెలుస్తుంది.

నంద్యాల నైట్రోజన్:
ఇంత గొడవెందుకు, నైట్రోజన్ కొట్టిస్తే పెరగదు, తగ్గదు.

అనంతపురం మాస్టారు:
మీరు పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడికి అదీ దాదాపు ఇంతే పెరుగుతుంది. తడి ఉండదు, కొంచెం నెమ్మదిగా కారుతుంది, అంతవరకే. స్కూటర్‌కు దండగ.

కల్లూరు కుర్రాడు:
36 సంగతి ఎవరూ చెప్పలేదు. పొద్దున మా ఆవిడను ఓర్వకల్లులో దింపుతా, తిరిగి ఒక్కణ్ణే వస్తా. రోజూ గాలి కొట్టించి మళ్ళీ తీయించాలా?

బళ్ళారి చౌరస్తా:
36 పెట్టేయండి. ఒక్కరే వచ్చేటప్పుడు కాస్త ఎగురుతుంది, నెమ్మదిగా రండి. ఇద్దరు కూర్చుని 29తో హైవే ఎక్కడం కన్నా నయం.

బుధవారపేట బండి:
36తో ఒక్కడే వస్తే వానలో జారుతుంది. నేనైతే 32 దగ్గర ఆగుతా.

ఘాట్ రోడ్ కడప:
అన్న 25 నుంచి 32కి వచ్చాడు, చూశారా!

బుధవారపేట బండి:
ఇద్దరుంటేనే. ఒక్కడినైతే 27. అంతకు మించి అడగొద్దు.

కల్లూరు కుర్రాడు:
వారం అయింది. రోజూ పొద్దున్నే చూస్తున్నా. వెనక 36 పెడితే 36 అలాగే ఉంది. ముందు మాత్రం 22 కాస్తా మూడో రోజుకు 19. వాల్వ్ మీద ఉమ్మి తడి పెడితే చిన్న బుడగ లేచింది. పిన్ను లూజు. రాజ్‌విహార్ పెద్దాయన దగ్గరికే పోయా, కొత్త పిన్ను వేసి డబ్బులొద్దన్నాడు. గేజీ వెనక చక్రానికి పెట్టి, నా ముఖం చూసి "ఇప్పుడు ఏమైనా తీయమంటావా?" అన్నాడు.