సుజౌ మ్యూజియం పైకప్పు హైదరాబాద్ ఎండకు ఆగుతుందా?

ప్రశ్న:
శంషాబాద్ వైపు చిన్న మ్యూజియానికి డ్రాయింగులు వేస్తున్నాం. లోపల చైనా పింగాణీ, పట్టు మీద వేసిన బొమ్మలు ఉంటాయి. ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పేయ్ డిజైన్ చేసిన, చైనాలోని సుజౌ మ్యూజియం (2006) తరహాలో తెల్ల గోడలు, నల్ల గ్రానైట్ వాలుకప్పు, స్కైలైట్ (పైకప్పులో గాజు) కింద లూవర్లు (ఎండను అడ్డుకునే వాలు పలకలు) అనుకుంటున్నాం. ముఖద్వారానికి దోగోంగ్ (చూరు బరువు మోసే చెక్క బ్రాకెట్ల పేర్పు) కావాలని క్లయింటు పట్టు. ఎక్కడ దెబ్బతింటామో చెప్పగలరా?

జవాబు 1:
ముందు లూవర్ల కోణం మార్చండి. సుజౌ 31.3 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, అక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు. మనది 17.4. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. ఉత్తరపు గాజు మీద ఎండ పడదనే లెక్క ఆ మూడు నెలలూ తప్పు.

స్కైలైట్ మానేసి ఉత్తరాన నిలువు గాజు పెట్టండి. 1.2 మీటర్ల గాజుకు మధ్యాహ్నపు ఎండ ఆపడానికి 15 సెంటీమీటర్ల చజ్జా చాలు. అసలు తలనొప్పి పొద్దున ఈశాన్యం నుంచి, సాయంత్రం వాయవ్యం నుంచి పక్కవాటుగా పడే ఎండ. దానికి నిలువు రెక్కలు తప్పవు. పట్టు బొమ్మలకు వెలుగు 50 లక్స్ (వెలుగు కొలత) దాటకూడదు కాబట్టి వాటిని పగటి వెలుగు రాని లోపలి గదిలో పెట్టండి. పింగాణీకి 200 ఉన్నా ఫర్వాలేదు.

జవాబు 2:
గ్రానైట్‌ను వాటర్‌ప్రూఫింగ్ అనుకోవద్దండీ. కింద పొర వేరే వేయాలి, రాయిని స్టెయిన్‌లెస్ క్లాంపుల మీద ఎత్తి నిలపాలి. మధ్యలో గాలి ఆడకపోతే నల్లరాయి వేడంతా శ్లాబులోకి దిగుతుంది.

తెల్ల గోడకు శత్రువు వానే. పైన రాతి కోపింగ్ (గోడ తలకు కప్పే పలక) 5 సెంటీమీటర్లు బయటికి రావాలి, దాని అడుగున నీరు తెగిపడేలా గాడి కొట్టించండి. గాడి లేకపోతే నీరు గోడ పట్టుకుని జారి ఒక్క వానాకాలానికే నల్ల చారలు కట్టేస్తాయి.

జవాబు 3:
దోగోంగ్ అతికించిన అలంకారమైతే వద్దనే నా మాట. అది బరువు మోసే అంగం. 1103 నాటి చైనా కట్టడాల గ్రంథం 'యింగ్‌జావ్ ఫాషి'లో దాని చెక్క కోత ఎత్తు, వెడల్పు 15కు 10 అని ఉంది, మిగతా కొలతలన్నీ అందులోంచే తీస్తారు. ఆ నిష్పత్తిని మీ స్టీలు కాంటిలీవర్లకు (ఒక కొస మాత్రమే ఆనుకుని బయటికి చాచిన దూలాలకు) వాడండి. ఇంకొకటి, ఆ సందుల్లో పావురాలు చేరతాయి. బీజింగ్ రాజప్రాసాదంలోనూ చూరు కింద పక్షులు రాకుండా వల బిగించి ఉంటుంది. వల ఫ్రేముకు కొక్కేలు ఇప్పుడే డ్రాయింగులో చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
కోపింగ్ గాడి వెడల్పు ఎంత?

జవాబు 2:
12 మిల్లీమీటర్లు. గోడ ముఖం నుంచి కనీసం 25 దూరంగా కొట్టించండి. ప్లాస్టర్ చేసేటప్పుడు మేస్త్రీలు పూడ్చేస్తారు, దగ్గరుండి చూసుకోండి.