డెబ్బై దాటిన నాన్నను మతిమరుపు పరీక్షకు తీసుకెళ్లాలా, వద్దా?

కొర్లగుంట వాసి:
నాన్నకు 73. చిత్తూరు బెల్లం మండీలో జీవితమంతా లెక్కలు రాసిన మనిషి. ఇప్పుడు పాలవాడి లెక్క కూడలేక కాగితం మనవడి చేతికిస్తున్నారు. మొన్న శనివారం గోవిందరాజస్వామి గుడి నుంచి వస్తూ లీలామహల్ కూడలిలో ఇంటిదారి తెలియక నిలబడిపోయారు. వైద్యుడికి చూపిద్దామని నేనంటే, వయసు మీద పడితే ఇంతే, ఆసుపత్రుల చుట్టూ తిప్పవద్దని అన్నయ్య అంటున్నాడు. మీరేమంటారు?

బైరాగిపట్టెడ పెద్దాయన:
మీ అన్నయ్య మాటే సబబు. నయం కాని జబ్బుకు పేరు పెట్టించి ఏం సాధిస్తారు? రేపటి నుంచి బంధువులు ఆయనతో మాట్లాడే తీరే మారిపోతుంది. ఇంట్లో మాట చెల్లకపోతే మనిషి ఇంకా కుంగిపోతాడు.

చిత్తూరు కోడలు:
పెద్దాయన గారూ, నయం కాదని పరీక్షకు ముందే ఎలా తేల్చేశారు? విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ మందగించడం, డిప్రెషన్, కింద పడినప్పుడు తలలో చేరిన రక్తం, చివరికి కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. వీటికి చికిత్స ఉంది. అందుకే వైద్యులు ముందు రక్తపరీక్షలు, తల స్కానింగ్ చేయిస్తారు. మెదడు కణాలు క్రమంగా దెబ్బతినే అల్జీమర్స్ జబ్బు అనే తేలిందనుకోండి, డోనెపెజిల్ వంటి మందులు జబ్బును ఆపలేవు. కానీ వాటితో కొందరికి కొంతకాలం రోజువారీ పనులు చేసుకునే శక్తి నిలబడుతుంది.

కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరచి, తర్వాత గుర్తు తెచ్చుకోవడం అందరికీ ఉన్నదే. చేయి తిరిగిన పని చేతకాకపోవడం, తెలిసిన దారి తప్పడం అలాంటివి కావు. మా అత్తగారు రాగి సంకటి కెలుకుతూ మధ్యలో ఆగి, చేతిలోని తెడ్డును చూస్తూ, “తర్వాత ఏం చేయాలమ్మా?” అని నన్నడిగారు. పెళ్లయిన నాటి నుంచి చేస్తున్న వంట అది! వెంటనే చూపించాం. అల్జీమర్స్ తొలిదశ అన్నారు. పొలం ఎవరికి ఎంతో ఆమే తన నోటితో చెప్పి వీలునామా రాయించారు. ఆలస్యం చేసి ఉంటే ఆ నిర్ణయం మేము తీసుకోవలసి వచ్చేది. ఇంట్లో ఆమె మాట చెల్లింది తొందరగా తెలియడం వల్లే.

బైరాగిపట్టెడ పెద్దాయన:
సరేనమ్మా, పరీక్షలు చేయించనీ. ఫలితం మాత్రం ఆయనకు చెప్పవద్దు. భయంతోనే సగం చచ్చిపోతారు.

చిత్తూరు కోడలు:
ఆయన అడిగితే దాచకూడదని నా అభిప్రాయం. తనలో ఏదో మారుతోందని ఆయనకు ఇప్పటికే తెలిసి ఉంటుంది, లేకపోతే పాల లెక్క మనవడికెందుకిస్తారు? తమ్ముడూ, తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (మెదడు, నరాల జబ్బుల) విభాగం ఉంది. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకోండి. ఏ మార్పు ఎప్పుడు మొదలైందో రాసి పెట్టుకోండి. అన్నయ్యనూ వెంట తీసుకెళ్లండి, వైద్యుడు చెప్పేది ఆయన చెవులతోనే విననివ్వండి.