పేరు తెలియని సమరయోధులకు ఒంగోలులో స్థూపం: కావాలా, వద్దా?

ఒంగోలు గిత్త: ప్రకాశం పంతులుగారి పేరు మీద ఏకంగా జిల్లానే ఉంది. సంతోషం. ఆయన వెనక నడిచి ఏ జాబితాకీ ఎక్కని వాళ్ల మాటేంటి? వాళ్ల కోసం ఒంగోలులో ఒక స్థూపం కట్టాలంటాను. మీరేమంటారు?

పెన్నా గట్టు: ఉన్నవాటికే దిక్కు లేదు, కొత్తది ఎందుకబ్బా? స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిందని 1972లో అప్పటి పంచాయతీ సమితి ఆఫీసుల ముందు రాళ్లు పాతారు. ఒక పక్క రాజ్యాంగ పీఠిక, ఇంకో పక్క ఆ ప్రాంతపు సమరయోధుల పేర్లు. మా దగ్గరున్న రాయికి పంద్రాగస్టు వస్తే చాలు, సున్నం కొడతారు. కొట్టీ కొట్టీ అక్షరాలు పూడిపోయాయి. వేలితో తడిమితే గానీ పేరు తెలీదు. ముందు ఆ సున్నం గీకించండి.

చీరాల మగ్గం: గీకితే బయటపడేది ఎక్కువగా జైలుకెళ్లిన వాళ్ల పేర్లే కదన్నా. అదే 1972లో మొదలైన కేంద్రం పెన్షన్‌కి కూడా మామూలుగా ఆరు నెలల జైలు చూపించాలి. ఆడవాళ్లకైతే మూడు నెలలు. మరి మా చీరాలవాళ్లేం చూపిస్తారు? మున్సిపాలిటీ వద్దు, ఆ పన్నులు కట్టం అని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద 13 వేల మందికి పైగా ఇళ్లకు తాళాలేసి, ఊరి హద్దు దాటి రామనగరంలో పాకలు వేసుకున్నారు. ఒకరోజు రెండ్రోజులు కాదు, సుమారు 11 నెలలు! ఆ పాకల్లో పిల్లల్ని సాకిన తల్లులకు సర్టిఫికెట్ ఎవరిస్తారు? (చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లా కదా అని మమ్మల్ని పక్కన పెట్టకండి.)

ఉప్పు కయ్య: కట్టండి, కానీ ఒంగోలు సెంటర్లో వద్దు. ఫ్లెక్సీలు కట్టుకోడానికి ఇంకో స్తంభం దొరుకుతుంది, అంతే. 1930లో ఉప్పు సత్యాగ్రహ శిబిరం నడిచింది దేవరంపాడులో. అక్కడో రాయి, రామనగరంలో ఓ రాయి వేయండి. పేర్లు లేకపోతే పోయె, చేసిన పని రాయండి: ఏ ఏడు, ఎంతమంది, ఏం చేశారో.

పెన్నా గట్టు: రాసేదెవరు స్వామీ? శిలాఫలకం మీద మంత్రి, ఎమ్మెల్యే, చైర్మన్, చివర్లో కాంట్రాక్టరు. పేరు తెలియని వాళ్ల స్థూపం నిండా తెలిసినవాళ్ల పేర్లే!

ఒంగోలు గిత్త: ప్రారంభించినవాళ్ల పేరు ఎక్కడా వేయకూడదని ముందే షరతు పెడదాం. అప్పుడు ఓకేనా?

పెన్నా గట్టు: ఆ షరతుకి తలూపే నాయకుణ్ణి చూపించు, మొదటి చందా నాదే.