అన్న కాలికి నడుములకెళ్లి ఫినాల్ సూది: వేయించాల్నా, వద్దా?

శ్రీను_కోరుట్ల (సోమవారం, రాత్రి 10:40)
మా అన్నకు 38 ఏండ్లు. కుడికాలు చిటికెన వేలు నల్లగయ్యింది, పక్క వేలు మీద పుండు మానుతలేదు. హైదరాబాద్‌ల పెద్ద డాక్టర్లు బర్జర్స్ జబ్బు అన్నరు, పొగాకు తాగెటోళ్లకు కాళ్లు చేతుల రక్తనాళాలు మూసుకపోయే జబ్బట. పాదం కాడి సన్న నాళాలే మూసుకపోయినయట, బైపాస్‌కు వీలు గాదట. నడుములకెళ్లి పొడుగు సూదితోని ఫినాల్ ఎక్కించి నరాలను చంపుతం అంటున్నరు. మూడు నెలల నుంచి అన్న మంచం మీద పండుకుంటలేడు. అంచున కూసొని కాలు కిందికి వేలాడేస్తడు. వేలాడేస్తె జర నయం, మీదికి తీస్తె మంట. ఈ సూది వేయించుకున్నోళ్లు ఎవరన్న ఉంటె చెప్పున్రి. బీడీలు 20 ఏండ్ల సంది తాగుతున్నడు.

వెంకట్_గాజువాక
ఫినాల్ అంటే ఫినాయిలే కదండీ? బాత్రూం కడిగేది ఒంట్లోకి ఎక్కిస్తారా?

మత్తుడాక్టర్_ఖమ్మం
పేరు దగ్గరగా ఉంది, సరుకు వేరు. ఆసుపత్రిలో వాడేది శుద్ధి చేసిన ఫినాల్, మామూలుగా 6 నుంచి 10 శాతం. కొందరు దీని బదులు ఆల్కహాల్ వాడతారు.
శ్రీనూ, వెన్నుపూసల ముందు పక్కన, అటూ ఇటూ గొలుసుల్లా సింపథెటిక్ నాడులు ఉంటాయి. కాలి సన్న రక్తనాళాలను బిగించి పట్టేది, పాదానికి చెమట పట్టించేది అవే. మీ అన్నను బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రేలో చూస్తూ నడుము రెండో, మూడో పూస పక్కగా సూది దింపుతారు. రంగుమందు వేసి సూది సరైన చోటే ఉందని చూసుకున్నాకే ఫినాల్ కొద్దిగా వదులుతారు. నాడి పట్టు సడలితే పాదం వెచ్చబడుతుంది, పొడిబారుతుంది. ముందు ఉత్త మత్తుమందుతో పరీక్ష చేసి, గుణం కనిపిస్తేనే ఫినాల్ దాకా వెళ్లడం పద్ధతి.

వెంకట్_గాజువాక
మూసుకుపోయింది నరం అంటున్నారు. మూసుకుపోయిన నరాన్ని మళ్లీ చంపడమేంటి సార్? కాలు చచ్చుబడిపోదా?

మత్తుడాక్టర్_ఖమ్మం
మన మాటతో వచ్చిన చిక్కే ఇది. సెలైన్ పెట్టేటప్పుడు 'నరం దొరకట్లేదు' అంటాం, అది రక్తనాళం. పక్షవాతం వస్తే 'నరం పడిపోయింది' అంటాం, అది నాడి. ఇక్కడ మూసుకుపోయింది రక్తనాళం, మందు వేసేది నాడికి. కాలు కదిలించే నాడులు వేరు, అవి వేరే దారిలో వెళ్తాయి. సూది పక్కదారి పడితే ప్రమాదమే, ఎక్స్‌రే అందుకే.

రామ్మూర్తి_తెనాలి
శ్రీనూ, పెద్దవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ఆ సూది జోలికి పోవద్దు. మా తమ్ముడికి ఇదే జబ్బు, ఇదే సూది. వేసిన మర్నాడు పాదం వెచ్చగా ఉంది. ఆ రాత్రి గురకపెట్టి నిద్రపోయాడు, మా అమ్మ గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టొచ్చింది. ఐదో నెలలో మోకాలి కిందికి తీసేశారు. ఇంకేం చెప్పమంటారు?

మత్తుడాక్టర్_ఖమ్మం
రామ్మూర్తిగారూ, ఆ ఐదు నెలల్లో పొగ మానారా?

రామ్మూర్తి_తెనాలి
ప్రతి డాక్టరూ ఇదే అడుగుతాడు. నేనడిగేది సూది గురించి. అది కాలిని కాపాడిందా, లేదా? ఔనో కాదో చెప్పండి.

చెమటచేతులు_హన్మకొండ
నాకు అరచేతుల చెమటకు ఛాతీలో ఇవే నాడులు ఆపరేషన్ చేసి కత్తిరించారు. చేతులు ఎండిపోయాయి. ఇప్పుడు వీపు నుంచి చెమట ధారలు కడుతోంది, రోజుకు మూడు బనియన్లు. ఎవరూ ముందు చెప్పలేదు.

మత్తుడాక్టర్_ఖమ్మం
కాపాడదు రామ్మూర్తిగారూ. ఔనంటే అబద్ధమే. మూసుకుపోయిన నాళాన్ని ఈ సూది తెరవదు. చర్మానికి రక్తం కొంచెం పెరుగుతుంది, కండకు పెద్దగా పెరగదు. అందుకే నడిస్తే వచ్చే పిక్క నొప్పికి దీన్ని చెప్పరు. పడుకున్నా వదలని నొప్పికీ, చిన్న పుండుకీ చెబుతారు. కొన్ని నెలలకు ఆ నాడులు మళ్లీ పెరుగుతాయి కూడా. 1985లో అచ్చయిన ఒక పరీక్షలో కొందరికి ఫినాల్, కొందరికి మత్తుమందు మాత్రమే వేసి చూశారు. వారం తర్వాత చూస్తే నొప్పి తగ్గింది ఫినాల్ వాళ్లలో 80 శాతం పైన, రెండోవాళ్లలో నాలుగో వంతు లోపు. ఆరు నెలలకూ ఫినాల్ వాళ్లలో మూడింట రెండు వంతుల మంది నొప్పి తగ్గే ఉన్నారు. అందులో అందరూ బర్జర్స్ రోగులు కారు, అదీ చెప్పాలి.
కాలిని కాపాడేది వేరే ఉంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రి డాక్టర్లు ఈ జబ్బువాళ్ల మీద అచ్చేసిన లెక్కలో పొగ పూర్తిగా మానినవాళ్లలో 94 శాతం మందికి ఏదీ కోయాల్సి రాలేదు. మాననివాళ్లలో 43 శాతం మందికి వేలో, పాదమో, కాలో పోయింది.

రామ్మూర్తి_తెనాలి
చూశారా? కాపాడదని ఆయనే ఒప్పుకున్నాడు. కాపాడని సూది ఎందుకు పొడుస్తారు? ఫీజు కోసమే కదా.

మత్తుడాక్టర్_ఖమ్మం
నేను సర్కారు ఆసుపత్రి జీతగాణ్ణి. సూది వేసినా వేయకపోయినా ఒకటో తారీఖున అదే జీతం.

నిర్వాహకుడు
నిందలు వద్దు. సూది గురించి మాట్లాడండి.

పద్మజ_సిస్టర్
శ్రీనూ, వీళ్ల గొడవలో పడి అసలువి మర్చిపోవద్దు. పాదం చల్లగా ఉందని వేడినీళ్ల సంచి పెట్టకండి, చర్మం ఊడొస్తుంది. సూది తర్వాత గభాల్న లేపకండి, బీపీ పడిపోవచ్చు. గజ్జల్లో, తొడ పైన కొన్ని వారాలు మంట ఉండొచ్చు, చాలామంది దానికే హడలిపోతారు. మగవాళ్లకి రెండు వైపులా చేస్తే వీర్యం రాకపోయే అవకాశం ఉంది, మీ అన్నది చిన్న వయసు, డాక్టర్ని మొహమాటం లేకుండా అడగండి. ఖర్చు సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రని అడగండి.

రామ్మూర్తి_తెనాలి
ఫీజు మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ డాక్టరుగారూ, నా మాట ఎవరికీ ఎక్కట్లేదు. నొప్పి ఉన్నన్నాళ్లూ మావాడు చుట్ట ముట్టలేదు. నలభై రోజులు! నా ముందే చుట్టల కట్ట కాలవలో పారేశాడు. మీరు సూది వేశారు, నొప్పి పోయింది. రెండు వారాలు తిరక్కుండా పెరట్లోంచి వాసన. అడిగితే 'ఇప్పుడు బానే ఉంది కదన్నయ్యా' అన్నాడు. నొప్పే వాడికి కాపలా. ఆ కాపలాని మీరు పడుకోబెట్టారు. ఆ సూదికి డబ్బు కట్టింది నేను. సంతకం పెట్టింది నేను.

శ్రీను_కోరుట్ల
అన్నా, మా ఇంట్ల ఉల్టా. మా అన్నకు నొప్పి లేస్తెనే బీడీ ముట్టిస్తడు. రాత్రి రెండు గంటలకు కాలు వేలాడేసుకొని ఒకటెన్క ఒకటి. దుకాణంకు పోయే పని గూడ లేదు. వదిన బీడీలు చేస్తది. చాటల ఆకు, తంబాకు, దారం పొద్దంత ఇంట్లనే ఉంటయి. కార్ఖానల తీసుకోక వాపస్ చేసిన బీడీలు ఉంటయి గద, అవి అన్నయే. వదిన ఆపేస్తె ఇల్లు నడువది. ఆపకపోతె అన్న ఆగడు.

మత్తుడాక్టర్_ఖమ్మం
నొప్పే కాపలా అయితే ఈ జబ్బువాళ్లలో ఒక్కడూ పొగ తాగకూడదు రామ్మూర్తిగారూ. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది నొప్పికి తట్టుకోలేకే ఇంకోటి ముట్టించారు. మీ తమ్ముడి సంగతి అబద్ధమనను. కానీ నిద్రలేని మనిషికి మానడం చెప్పినా తలకెక్కదు.

రామ్మూర్తి_తెనాలి
ముందు మానాలి, తర్వాతే సూది. నా మాట అంతే.

మత్తుడాక్టర్_ఖమ్మం
అప్పటిదాకా మంచం అంచున కూర్చుని ఏడవాలా?

రామ్మూర్తి_తెనాలి
ఏడవాలి. కాలు తీశాక ఏడ్చేదానికంటే నయం.

మత్తుడాక్టర్_ఖమ్మం
అలా ఏడిపించే పని నావల్ల కాదు. మానలేదని ఏ రోగికీ నొప్పి మందు ఆపను. సూది వేస్తూనే మానమని చెబుతా, వందసార్లయినా చెబుతా.

పద్మజ_సిస్టర్
మీ ఇద్దరూ కాసేపు ఆగండి. శ్రీనూ, మీ అన్న ఏమంటున్నాడు?

శ్రీను_కోరుట్ల
'వేలు పోతె పోనీ, నన్ను ఒక్క రాత్రి పండుకోనియ్యిరా' అన్నడు.

వెంకట్_గాజువాక
పాపం. నా ఫినాయిల్ ప్రశ్నకి సారీ బ్రో.

శ్రీను_కోరుట్ల (11 రోజుల తర్వాత)
ముందుగాల మత్తుమందుతోని చూసిన్రు, పాదం వెచ్చగయ్యింది. మొన్న ఫినాల్ వేసిన్రు, కుడివైపు ఒక్కటే. గజ్జల మంటైతుంది అంటున్నడు గని రాత్రి కాలు మంచం మీద పెట్టుకొని ఐదు గంటలు పండుకున్నడు. వదిన చాట పట్టుకొని పక్కింటి అరుగు మీద కూసుంటుంది ఇప్పుడు, వాపస్ బీడీలు గూడ ఆన్నే ఉంచుతుంది. అన్న నిన్నటి సంది ముట్టలే. ఒక్క దినమే, గొప్పగ చెప్పుకునుడు కాదు.

రామ్మూర్తి_తెనాలి
ఐదో నెలలో వచ్చి ఇక్కడే రాయి. అప్పుడు మాట్లాడదాం.

శ్రీను_కోరుట్ల
రాస్తనన్నా.

రామ్మూర్తి_తెనాలి
నాలుగో నెలలో కూడా రాయి.